అది మీకెలా తెలిసిందండీ?

శ్రీకాకుళం

చిరంజీవి అమ్మలుకి మావయ్య ఆశీస్సులు.

ప్రపంచ చరిత్రలోంచి ఒక్కో ఘట్టం తీసుకుని, దాని మీద పనిచేసినవాళ్ళతో మాట్లాడి రికార్డు చేస్తానని ఫోన్‌లో చెప్పావు. ఆ రాత్రి సంతోషంతో నాకు నిద్ర పట్టలేదు. 30 ఏళ్ళు కాలేజీలో చరిత్ర చెప్పినవాణ్ణి కదా, చెప్పాలనిపించినవి చాలా ఉన్నాయి. ఫోన్‌లో చెప్తే గాలికి పోతాయని రాస్తున్నాను.

నువ్వు పంపిన ప్రశ్నల కాగితం చూశాను. మొదటిదే "ఏడేళ్ళ యుద్ధం గురించి చెప్పండి" అని ఉంది. 1756 నుంచి 1763 దాకా ఇంగ్లీషువాళ్ళూ ఫ్రెంచివాళ్ళూ తమ తమ పక్షాలతో ఐరోపాలోనూ బయటా చేసిన యుద్ధం అది. అలా అడిగితే ఎంత పండితుడైనా పాఠ్యపుస్తకం అప్పజెప్పి ఊరుకుంటాడు. మన గుమ్మంలోంచి మొదలుపెట్టు. తాండ్ర పాపారాయుడి కథ బుర్రకథల్లో విని పెరిగినవాళ్ళం. బొబ్బిలి యుద్ధం జరిగింది 1757 జనవరి 24న. మార్చిలో బెంగాల్లో ఫ్రెంచివాళ్ళ చందర్‌నగర్ ఇంగ్లీషువాళ్ళ చేతికి పోయింది. జూన్ 23న ప్లాసీ యుద్ధం. బొబ్బిలి మీదికొచ్చిన ఫ్రెంచి సేనాని బుస్సీ అప్పటికింకా మన ఉత్తర సర్కారుల్లోనే, అంటే ఈ కోస్తా జిల్లాల్లోనే ఉన్నాడు. సాయానికి రమ్మని బెంగాల్ నవాబు సిరాజుద్దౌలా అతనికి కబురంపాడు కూడా. "బుస్సీ ఎందుకు వెళ్ళలేదండీ? ఇక్కణ్ణుంచి బెంగాల్‌కి సైన్యం నడవాలంటే ఎన్నాళ్ళు పట్టేది? జీతాలెవరిచ్చేవారు?" అని అడిగి చూడు. ఈ సర్కారుల్ని 1753లో నిజాం ఫ్రెంచివాళ్ళకి ఇచ్చిందే వాళ్ళ సైన్యం జీతాల కోసం కాబట్టి, ఆ పండితుడు మన శిస్తుల దగ్గర మొదలెట్టి, ఐరోపాలో రాజుల తగాదా దాకా తనంతట తనే వెళ్తాడు.

ఎవరి దగ్గరికి వెళ్ళినా మర్చిపోకుండా అడగాల్సింది ఒకటుంది. "అది ఎలా తెలిసిందండీ?" మర్యాదగా, నిజంగా తెలుసుకోవాలన్న ఆశతో అడుగు. పశ్చిమ ఆఫ్రికాలోని మాలి రాజ్య చక్రవర్తి మన్సా మూసా సంగతే తీసుకో. 1324లో మక్కా యాత్రకి వెళ్తూ కైరోలో ఎంత బంగారం పంచాడంటే, అక్కడ బంగారం ధరే పడిపోయిందని అందరూ చెబుతారు. ఎలా తెలిసింది? అల్ ఉమరీ అనే ఆయన దాదాపు 12 ఏళ్ళ తర్వాత కైరోలో, మూసాని ఎరిగినవాళ్ళని అడిగి రాసుకున్నాడు. ఆయన చేసిందీ నువ్వు చేయబోయేదీ ఒకటే పని, చూశావా! ఇక అక్కణ్ణుంచి అడుగు. చెప్పినవాళ్ళు వర్తకులా, అధికారులా? 12 ఏళ్ళలో కథ ఎంత పెరిగుంటుంది? ధర పడిందని ఇంకెవరైనా రాశారా? ఇలాంటివి అడిగితే, ఏళ్ళ తరబడి అదే పనిలో ఉన్న మనిషి కుర్చీలో ముందుకు జరిగి కూర్చుంటాడు.

ఈ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. 1991లో ఆమదాలవలస దగ్గర పల్లెలో ఒక పెద్దావిడ దగ్గరికి టేప్ రికార్డరు పట్టుకెళ్ళాను. మన జిల్లా నుంచి రంగం, అంటే బర్మాలోని రంగూన్ వెళ్ళి బతికిన కుటుంబాల్లో వాళ్ళదీ ఒకటి. రెండో ప్రపంచ యుద్ధం వచ్చాక చిన్నపిల్లగా అక్కణ్ణుంచి నడిచొచ్చింది. నేనేమో ఏ తేదీన బయల్దేరారు, ఎన్ని మైళ్ళు నడిచారు అని గంటసేపు అడిగాను. "తేదీలు నాకేటి తెలుసు బాబూ" అని ముడుచుకుపోయింది. టేప్ ఆపేశాను. మజ్జిగ తెచ్చిచ్చింది. తాగుతూ గూట్లో ఇత్తడి డబ్బా చూసి, ఇదెక్కడిదమ్మా అన్నాను. దించి ఒళ్ళో పెట్టుకుంది. పక్కన ఒక సొట్ట. దాని మీద బొటనవేలు రాస్తూ, "అరకాను కొండల్లో ఇది జారిపోనాది. అటుకులన్నీ బురదలో పడిపోతే మాయమ్మ ఏరి కడిగి మాకెట్టినాది" అంది. అప్పుడు రికార్డరు మళ్ళీ పెట్టమంటారా అని అడిగాను. రెండు గంటలు మాట్లాడింది. తేదీలు తెలీవన్న మనిషే "దొరల పండక్కి రెండ్రోజుల ముందు బాంబులేసినారు" అంది. ఇంటికొచ్చి పుస్తకాలు తీస్తే, రంగం మీద జపాన్ మొదటిసారి బాంబులేసింది 1941 డిసెంబరు 23న. క్రిస్మస్‌కి సరిగ్గా రెండ్రోజుల ముందు. మన పెద్దవాళ్ళని పండగలతో, పంటలతో, వస్తువులతో అడగాలి. తేదీ మనం తర్వాత సరిచూసుకోవచ్చు.

అందుకే నిపుణులంటే యూనివర్సిటీల్లోనే ఉంటారనుకోకు. పర్లాకిమిడిలో మాస్టారుగా ఉన్న గిడుగు రామమూర్తి గారు సవరలనే గిరిజనుల భాష నేర్చుకోవాలనుకున్నప్పుడు, తెలుగొచ్చిన సవరల్ని ఇంట్లో పెట్టుకుని వాళ్ళనే గురువులు చేసుకున్నారు. మన జిల్లాలోని ముఖలింగం గుడి శాసనాలు చదవడం కూడా సొంతంగా నేర్చుకున్నారు. ఒకసారి ఆ గుడికెళ్ళి ఆ అక్షరాల ముందు కాసేపు నిలబడు. తర్వాత శాసనాలు తెలిసినవాళ్ళని కలువు, అడగాల్సినవి వాటంతటవే వస్తాయి.

అన్నీ యుద్ధాలే పెట్టకు. ఒక్క మాట మీద కూడా మంచి ఎపిసోడ్ చేయొచ్చు. మన కళింగం పేరు సముద్రం దాటి మలయా దేశంలో "క్లింగ్" అయింది. దక్షిణాది మనుషులందరికీ అదే పేరైంది, ఇప్పుడక్కడ అది తిట్టుమాటగా వినిపిస్తోంది. ఒక రాజ్యం పేరుకి ఈ గతి ఎలా పట్టిందో ఆగ్నేయాసియా చరిత్ర తెలిసినవాళ్ళని కూర్చోబెట్టి అడుగు. నాకు వినాలనుంది.

వెళ్ళేముందు వాళ్ళు రాసినదొకటైనా పూర్తిగా చదువు. "మీ మాట ఒప్పుకోనివాళ్ళు ఏమంటారండీ?" అని చివర్లో తప్పకుండా అడుగు. వాళ్ళు ఆగితే నువ్వూ ఆగు, ఖాళీ పూరించకు. ఫ్యాను ఆపమని అడగడానికి మొహమాటపడకు. మాటమాటకీ "అవునవును" అనడం నీకలవాటు, రికార్డులో అది చాలా చికాకు పెడుతుంది. తల ఊపితే చాలు.

ఆవిడ క్యాసెట్లు రెండూ నా బీరువాలో ఉన్నాయి. ఆవిడ ఇప్పుడు లేదు. టేపు పాతబడింది, ప్లే చేయాలంటే తెగిపోతుందేమోనని నాకు టెన్షన్. ఫోన్లోకి మార్చిపెట్టేవాళ్ళెవరైనా ఉన్నారేమో కనుక్కుని, సంక్రాంతికి వచ్చినప్పుడు తీసుకెళ్ళు. ముందు వాళ్ళబ్బాయిని కలిసి ఒక మాట అడుగుదాం. ఆ డబ్బా ఇంకా ఆ గూట్లోనే ఉందట.

మావయ్య