కల్లు బంద్ చేస్తే మా అమ్మకు ఫిట్స్ ఎందుకొచ్చినయ్?

ప్రశ్న: డాక్టర్ సారూ, మాది జడ్చర్ల దగ్గర పల్లె. మా అమ్మకు 54 ఏండ్లు, కూలికి పోతది. పదేండ్ల సంది పొద్దుమీకి రెండు మూడు సీసాల కల్లు తాగందే నిద్రపట్టది. మొన్న ఎక్సైజోళ్లొచ్చి దుకాణం బంద్ పెట్టిండ్రు, పీడ పోయిందని మేం సంబరపడ్డం. రెండో రోజు చేతులు వణుకుడు, మూడో రోజు ఫిట్స్, గోడ మీద పాములున్నయని ఒకటే అరుపులు. గాలి సోకిందని తాయెత్తు కట్టిచ్చినం, ఏం కాలే. ఆఖరికి మా మేనమామ పక్కూరి నుంచి రెండు సీసాలు తెచ్చి తాపిండు, కొద్దిసేపట్ల మామూలయింది. అంటే కల్లు మానుడే తప్పా?
– ఒక చెల్లె, మహబూబ్‌నగర్ జిల్లా

జవాబు: చెల్లే, మీ అమ్మకు గాలీ లేదు ధూళీ లేదు. ఆమె పదేండ్ల సంది తాగేది కల్లనుకుంటున్నరు గని అది మందు కల్లు. అల్ప్రాజోలం, డైజోఫాం, క్లోరల్ హైడ్రేట్, వీటిల ఏదో ఒకటి నీళ్లల్ల కలిపి తీపికి సాక్రిన్ ఏసి సీసాలల్ల నింపుతరు. మొదటి రెండూ గాబరాకు, నిద్రకు, ఫిట్స్‌కు డాక్టర్లు రాసే గోళీలే, మూడోది 1869 నాటి సంది ఉన్న పాత నిద్రమందు. ఇవన్నీ మెదడుకు ముకుతాడు ఏసినట్టు పనిచేస్తయి, పదేండ్లు గుంజి పట్టిన తాడు ఒక్కపారి ఇడిస్తే ఎద్దు ఎట్ల దుంకుతదో మీ అమ్మకు అయింది గదే, పాములు కనవడుడు గూడ అందుకే. రెండు సీసాలతోని తగ్గిందంటే మళ్ల తాడు బిగిచ్చిండ్రు, అంతే. 2015ల సర్కారు కల్తీ కల్లు మీద పడ్డప్పుడు పాలమూరు, నిజామాబాద్ దిక్కు దవాఖానలకు గిట్లాంటోళ్లే వరుస కట్టిండ్రు.

అట్లని తాగుకుంట ఉండుమంటలేను. అల్ప్రాజోలం గోళీ అంటే పావు మిల్లీగ్రాము, అర మిల్లీగ్రాము. అంటే ఒక్క గ్రాము పొడి 4,000 పావు మిల్లీగ్రాము గోళీలకు సమానం! దాన్ని తూకం లేకుంట డ్రమ్ముల పోసి కట్టెతోని కలిపితే ఏ సీసాల ఎంత పడ్డదో కలిపినోనికే తెల్వదు. నిన్న రెండు సీసాలకు నిద్రపోయిన మనిషి ఇయ్యాల అవే రెండు తాగి ఊపిరి మందగించి లేవకపోవచ్చు, పైన బ్రాందీ గూడ పడితే ఇంక చెప్పనే వద్దు. 2025 జులైల కూకట్‌పల్లిల కల్తీ కల్లు తాగి మనుషులు సచ్చిపోయిండ్రు గదా.

ఇప్పుడు జేయాల్సింది. ఇంట్ల కట్టేసి మానిపియ్యకు. మెడికల్ షాపుల నువ్వే గోళీలు కొని ఇయ్యకు. రేపే జిల్లా జనరల్ దవాఖానకు తోల్కపోయి మానసిక డాక్టర్‌కు చూపియ్యి, ఎన్ని సీసాలు, ఎన్నేండ్ల సంది, ఆఖరుసారి ఎప్పుడు తాగిందో దాపరికం లేకుంట చెప్పు. మనోళ్లు ఇజ్జత్ పోతదని ఉత్త ఫిట్స్ అని చెప్తరు, అప్పుడు డాక్టర్ తలకాయ స్కానింగ్ రాస్తడు, రెండు రోజులు అట్లనే పోతయి (నేను గూడ సర్వీసు కొత్తల గిట్లనే మోసపోయిన). తెలిస్తే గాన లెక్క ప్రకారం మందిచ్చి వారాల తరబడి, ఒక్కోసారి నెలలు, కొంచెం కొంచెం తగ్గిస్తరు. తాగినందుకు డాక్టర్ కేసు పెట్టడు, భయపడకు. మధ్యల మళ్ల ఫిట్స్ వస్తే పక్కకు ఒత్తిగిలి పండవెట్టు, నోట్లె చెంచా పెట్టొద్దు, చేతిల తాళంచెవులు పెట్టొద్దు, 108కి ఫోన్ కొట్టు. మనసు బాగలేక ఎవరితోనన్న మాట్లాడాలంటే 14416 ఉంది, పైసలు కావు.

ప్రశ్న: మీరు కల్లును ఇట్ల తిట్టుకుంట పోతే మా గీత కార్మికుల గతేంది సార్? మోకు కట్టి తాడెక్కి పానం మీదికి తెచ్చుకునేది మేము.
– మునుగోడు దిక్కు నుంచి ఒక గౌడన్న

జవాబు: అన్నా, నీ లొట్టిల కల్లును నేనెందుకు తిడుత. అది గూడ నిషానే, రోజూ తాగుమని జెప్ప, గని మందు కల్లుతోని జత కట్ట. నీకు నాకన్న బాగ ఎరుకే, చెట్టు కల్లు పొద్దుగాల తీయగుంటది, మాపటికి పులుస్తది, తాటికి ఎండకాలమే కాలం. మరి ఏడాది పొడుగూత ఒక్కటే రుచి, ఊళ్లె నలభై చెట్లుంటే దుకాణంల వందల సీసాలు, అదెక్కడికెల్లి వస్తుంది? నాలికతోని పట్టొచ్చనుకోకుండ్రి, సాక్రిన్ అంత మూసేస్తది. అల్ప్రాజోలం, డైజోఫాం లైసెన్సు లేకుంట అమ్ముడు 1985 ఎన్డీపీఎస్ చట్టం (మత్తుమందుల చట్టం) కింద నేరం. మీ ఊళ్లె ఎవడు పొడి తెస్తుండో మీకు తెలిసినంత పోలీసోళ్లకు గూడ తెల్వది, మత్తుమందుల మీద ఫిర్యాదుకున్న 1908 నంబర్‌కు చెప్పుండ్రి.