లా విద్యార్థికి విదేశంలో ఒక సెమిస్టర్: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: ఐదేళ్ల బీఏ ఎల్‌ఎల్‌బీలో మూడో ఏడాది పూర్తయింది. మా యూనివర్సిటీకి జర్మనీలోని ఒక లా ఫ్యాకల్టీతో ఎక్స్‌ఛేంజ్ ఒప్పందం ఉంది. ఏడో సెమిస్టర్ అక్కడ చదవాలనుకుంటున్నాను. తిరిగొచ్చాక ఏడాది నష్టపోతానేమోనని ఇంట్లో భయపడుతున్నారు. పేపర్లు ఎలా ఎంచుకోవాలి?
– విద్యార్థిని, విశాఖపట్నం

జవాబు: ఆ భయంలో అర్థం ఉంది. జాగ్రత్తపడాల్సిందంతా విమానం ఎక్కకముందే ఉంటుంది.

బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008 నియమాల ప్రకారం లా డిగ్రీలో 20 తప్పనిసరి పేపర్లు, 4 క్లినికల్ (ప్రాక్టికల్ శిక్షణ) పేపర్లు, వాటిపైన ఐచ్ఛికాలు ఉంటాయి. సాక్ష్య చట్టం, సివిల్ ప్రొసీజర్, 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (క్రిమినల్ ప్రొసీజర్ చట్టం) వంటివాటిని జర్మనీలో ఎవరూ చెప్పరు. మీ ఏడో సెమిస్టర్‌లో అవి ఉంటే బ్యాక్‌లాగ్‌గా మిగిలిపోతాయి. అందుకే ముందు మీ సిలబస్ పుస్తకం తెరిచి, ఐచ్ఛికాలు ఎక్కువగా ఏ సెమిస్టర్‌లో ఉన్నాయో చూడండి. వెళ్లడానికి అదే అనువైనది. అంతర్జాతీయ వాణిజ్యం, మానవ హక్కులు, మేధోసంపత్తి లాంటి పేపర్లకు అక్కడ జోడీ దొరుకుతుంది. తప్పనిసరి పేపర్లలో తేలిగ్గా సరిపోలేది పబ్లిక్ ఇంటర్నేషనల్ లా.

ఇక క్రెడిట్ల లెక్క. యూరప్‌లో సెమిస్టర్‌కు 30 ఈసీటీఎస్ (అక్కడి యూనివర్సిటీల ఉమ్మడి క్రెడిట్ విధానం) క్రెడిట్లు. సొంతంగా చదువుకునే సమయం కూడా కలుపుకొని ఒక్కో క్రెడిట్‌కు 25 నుంచి 30 గంటల పని. మన జాతీయ క్రెడిట్ ఫ్రేమ్‌వర్క్‌లో సెమిస్టర్‌కు 20 క్రెడిట్లు. అంటే అక్కడి ఒకటిన్నర ఇక్కడి ఒకటితో సమానం. ఇక్కడి 4 క్రెడిట్ల పేపరుకు అక్కడ 6 ఈసీటీఎస్ కావాలి. 3 ఈసీటీఎస్ సెమినార్ ఒక్కటే తీసుకొస్తే మన పరీక్షల విభాగం ఒప్పుకోదు. అలాంటివి రెండు కలిపి ఒక పేపరుగా చూపండి.

ఇదంతా లెర్నింగ్ అగ్రిమెంట్ అనే పత్రంలోకి ఎక్కాలి. దాని మీద మీ సంతకం, రెండు యూనివర్సిటీల సంతకాలు ఉంటాయి. అక్కడి ఏ పేపరు ఇక్కడి దేనికి బదులో పేపరు కోడ్‌తో సహా రాయించి, సిలబస్ ప్రతులు జతచేసి, మీ పరీక్షల విభాగం నుంచి ఆమోద ఉత్తర్వు తీసుకోండి. ఇంటర్నేషనల్ ఆఫీసు వాళ్లు ‘చూద్దాం, పర్లేదు’ అని పంపిన మెయిల్ మార్కుల మెమో దగ్గర చెల్లదు. అక్కడికి వెళ్లాక ఒక పేపరు నిండిపోవడమో, రెండు క్లాసులు ఒకే వేళకు పడటమో మామూలే. మార్చాల్సి వస్తే తొలి వారాల్లోనే సవరణ పత్రం మీద మూడు సంతకాలూ మళ్లీ చేయించండి. మార్చేసి, తిరిగొచ్చాక చెబుదామనుకుంటే ఇక్కడ ఒప్పించడం చాలా కష్టం.

అన్నిటికన్నా చిక్కు తేదీలది. జర్మనీలో శీతాకాల సెమిస్టర్ క్లాసులు అక్టోబర్ మధ్య నుంచి ఫిబ్రవరి మధ్య దాకా. పరీక్షలు ఆ తర్వాత కూడా ఉంటాయి. ఇక్కడ మీ ఎనిమిదో సెమిస్టర్ డిసెంబర్‌లోనో జనవరిలోనో మొదలైపోతుంది. బార్ కౌన్సిల్ ప్రతి పేపరులో 70 శాతం హాజరు అడుగుతుంది కాబట్టి, పోయిన వారాలను ఎలా లెక్కిస్తారో ముందే రాతపూర్వకంగా తేల్చుకోండి. అక్కడి అధ్యాపకులను ముందుగా పరీక్ష పెట్టగలరా అని అడిగి చూడండి. ఇవి కుదరకపోతే సింగపూర్ నేషనల్ యూనివర్సిటీ లాంటిచోట్ల తొలి సెమిస్టర్ ఆగస్టులో మొదలై డిసెంబర్ ఆరంభంలో ముగుస్తుంది. మన క్యాలెండర్‌కు అది దగ్గర.

ప్రశ్న: విదేశంలో వచ్చిన మార్కులు కలిపాక సీజీపీఏ పడిపోయిందని సీనియర్లు అంటున్నారు. నిజమేనా?
– విద్యార్థి, హైదరాబాద్

జవాబు: మార్కులను నేరుగా శాతంలోకి మారిస్తే పడిపోతుంది. జర్మన్ లా ఫ్యాకల్టీలు 18 పాయింట్ల కొలత వాడతాయి. అక్కడ 4 వస్తే పాస్, 9 వస్తే గర్వంగా చెప్పుకునే ఫలితం. దాన్ని 50 శాతంగా రాస్తే విద్యార్థికి ఘోరమైన అన్యాయం. ఫ్రాన్స్‌లో 20కి 14 మంచి మార్కు, నెదర్లాండ్స్‌లో 10కి 9 అరుదు. న్యాయమైన పద్ధతులు రెండు. ఒకటి, అక్కడ ఏ మార్కు ఎంతమందికి వస్తుందో చూపే గ్రేడింగ్ పట్టికతో పోల్చడం. రెండోది, క్రెడిట్లు మాత్రమే ఇచ్చి సీజీపీఏలో కలపకపోవడం. మా సలహా రెండోదే. ఏ పద్ధతైనా వెళ్లేముందు కాగితం మీద ఉండాలి.

ప్రశ్న: ట్యూషన్ ఫీజు ఉండదంటున్నారు. మరి ఎంత డబ్బు సిద్ధం చేసుకోవాలి? మా అబ్బాయికి ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తోంది.
– ఒక తండ్రి, వరంగల్

జవాబు: ఎక్స్‌ఛేంజ్‌లో ఫీజు ఇక్కడే కడతారు, అక్కడ కట్టరు. జీవన ఖర్చు మాత్రం మీదే. జర్మనీ వీసాకు 2024 సెప్టెంబర్ నుంచి బ్లాక్డ్ అకౌంట్‌లో (నెలకు ఇంతే అని తీసుకోగలిగే బ్యాంకు ఖాతాలో) నెలకు 992 యూరోల లెక్కన చూపాలి. ఆరు నెలలకు 5,952. అది మీ అబ్బాయి డబ్బే, నెలనెలా అతని ఖర్చుకే తిరిగొస్తుంది. ఆరోగ్య బీమాకు నెలకు 140 యూరోల పైమాట. ట్యూషన్ లేకపోయినా సెమిస్టర్ రుసుము కట్టాలి. ఒప్పందం ఎరాస్మస్ ప్లస్ (యూరోపియన్ యూనియన్ విద్యార్థి మార్పిడి పథకం) కింద ఉంటే నెలకు 800 నుంచి 900 యూరోల సాయం, ప్రయాణానికి విడిగా కొంత వస్తాయి. అయితే మొదటి విడత చేతికి అందేలోగా గది అడ్వాన్సు కట్టాల్సి రావచ్చు. రెండు నెలల ఖర్చు విడిగా ఉంచండి.

ఫీజు రీయింబర్స్‌మెంట్ కొనసాగాలంటే ఈపాస్ రెన్యువల్‌కు 75 శాతం హాజరు కావాలి. అక్కడి హాజరును ఇక్కడి హాజరుగా పరిగణిస్తున్నట్టు ప్రిన్సిపాల్ లేఖ తీసుకుని ముందే సంక్షేమ శాఖ కార్యాలయంలో ఇవ్వండి. ఓవర్సీస్ విద్యానిధి మీద ఆశ పెట్టుకోకండి, అది విదేశంలో పూర్తి పీజీ, పీహెచ్‌డీ చదివేవారికి.

ప్రశ్న: మా కాలేజీ ఒక విదేశీ లా స్కూల్‌తో ఎంఓయూ చేసుకుంది. ఫొటోలు పేపర్లో వచ్చాయి. ఇప్పటిదాకా ఒక్క విద్యార్థీ వెళ్లలేదు. ఎందుకు?
– అధ్యాపకుడు, గుంటూరు

జవాబు: ఎంఓయూ అంటే ‘కలిసి పనిచేద్దాం’ అన్న మాట మాత్రమే. విద్యార్థి కదలాలంటే దాని కింద విడిగా ఎక్స్‌ఛేంజ్ ఒప్పందం ఉండాలి. ఏడాదికి ఎందరు, ఫీజు మాఫీ ఎవరికి, పేర్లు పంపే గడువు ఎప్పుడు, ఒప్పందం మధ్యలో రద్దయితే అప్పటికే వెళ్లినవారి సంగతేమిటి అన్నవి అందులో ఉండాలి. మీది అనుబంధ కాలేజీ అయితే క్రెడిట్ల మీద మాట ఇచ్చే అధికారం మీకు లేదు. మాతృ యూనివర్సిటీ బోర్డ్ ఆఫ్ స్టడీస్, అకడమిక్ కౌన్సిల్ ఆమోదం తేవాలి.

రెండో అడ్డంకి సమతూకం. మీవాళ్లు ఇద్దరు వెళితే అటునుంచి ఇద్దరు రావాలి. రాకపోతే ఫీజు మాఫీ ఆగిపోతుంది. ఐదు నెలలకు రానివారు రెండు వారాల కోర్సుకు వస్తారు. భారత రాజ్యాంగం, ఫార్మా పేటెంట్లు లాంటి అంశాలపై కోర్సు నడిపి, అలా వచ్చిన కొందరిని ఒక సెమిస్టర్ విద్యార్థితో సమానంగా లెక్కించేలా ఒప్పందంలో రాయించుకోండి. విదేశీయులు హాస్టల్లో దిగిన 24 గంటల్లో ఆన్‌లైన్‌లో ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓకు (విదేశీయుల రిజిస్ట్రేషన్ కార్యాలయానికి) తెలపాలి. ఆ పని ఎవరిదో ఒక ఉద్యోగి పేరున ఉత్తర్వు ఇవ్వండి. అందరి పనీ అనుకుంటే ఎవరూ చేయరు.

ప్రశ్న: ఒక సెమిస్టర్ బయట చదివితే అడ్వకేట్‌గా ఎన్‌రోల్‌మెంట్‌కు ఇబ్బందా?
– విద్యార్థిని, తిరుపతి

జవాబు: డిగ్రీ మీ యూనివర్సిటీదే కాబట్టి, పైన చెప్పిన తప్పనిసరి పేపర్లూ హాజరూ పూర్తయితే ఇబ్బంది లేదు. ఐదేళ్ల కోర్సుకు కనీసం 20 వారాల ఇంటర్న్‌షిప్ కూడా కావాలి. విదేశంలో ఉన్న సెలవుల్లో అది వెనకబడుతుంది కాబట్టి ముందే కొన్ని వారాలు పూర్తి చేసి వెళ్లండి.