ఎన్ని ప్రవచనాలు విన్నా కోపం తగ్గదేం?

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. నాకు అరవై దాటాయి. పొద్దున వంట మొదలుపెట్టిన దగ్గర్నుంచి ఫోన్లో ప్రవచనాలు పెట్టుకుని వింటూ పని చేసుకుంటాను. భాగవతం అయింది, గీత రెండుసార్లు అయింది. కోపం మాత్రం రవ్వంత తగ్గలేదు. మొన్న మా కోడలు ఇడ్లీ పిండి గ్రైండర్లో వేయకుండా మిక్సీలో తిప్పేసిందని రాత్రి దాకా తనతో మాట్లాడలేదు. "అంత విన్నారు కదా అత్తయ్యా, ఏం లాభం?" అంది. గుచ్చుకుంది. గుడిలో ఒక పెద్దాయన "వింటే చాలదమ్మా, మననం చేయాలి" అన్నారు. మననం అంటే ధ్యానమేనా? మోకాళ్ల నొప్పులతో కింద కూర్చోలేను. మంచం మీద పడుకుని చేయొచ్చా?
– ఒక పాఠకురాలు, నిజామాబాద్

జవాబు: మీ కోడలు అడిగింది మంచి ప్రశ్నే. దాని మీద మాత్రం కోపం తెచ్చుకోకండి.

ధ్యానం వేరు, మననం వేరు. బృహదారణ్యక ఉపనిషత్తులో యాజ్ఞవల్క్యుడు భార్య మైత్రేయికి ఒక వరుస చెప్పాడు: ఆత్మను గురించి వినాలి, మననం చేయాలి, ఆ తర్వాత నిదిధ్యాసన (దాని సంగతి కింద చెబుతాను). ఈ రెండో మెట్టు ఏమిటో విద్యారణ్యస్వామి పంచదశి అనే వేదాంత గ్రంథంలో తేల్చి చెప్పారు. విన్న మాట నిజంగా కుదురుతుందా అని యుక్తితో విచారించడమే మననం. అంటే సందేహం రావాలి, దాన్ని దాచుకోకుండా పైకి తీయాలి. మన దగ్గర సందేహపడితే అపచారం అనుకుంటారు. ప్రవచనం మధ్యలో లేచి ఒక ప్రశ్న అడిగి చూడండి, పక్కవాళ్లు మిమ్మల్ని ఎలా చూస్తారో!

మైత్రేయి అలా అనుకోలేదు. యాజ్ఞవల్క్యుడు ఇల్లు విడిచి వెళ్లబోతూ, ఉన్న ఆస్తిని ఇద్దరు భార్యలకూ పంచుతానంటాడు. భూమండలమంతా ధనంతో నింపి ఇచ్చినా దాంతో నాకు మృత్యువు తప్పుతుందా అని అడుగుతుంది మైత్రేయి. తప్పదు, డబ్బున్నవాళ్లు ఎలా బతుకుతారో అలా బతుకుతావంతే అంటాడాయన. అలాంటప్పుడు దాన్నేం చేసుకోను, మీకు తెలిసింది చెప్పండి అంటుంది. ఇంతవరకు ప్రవచనాల్లో మీరు వినే ఉంటారు. నాకు ఇష్టమైన చోటు ఆ తర్వాత వస్తుంది. ఉప్పుగడ్డ నీళ్లలో వేస్తే కరిగిపోతుంది, మళ్లీ పైకి తీయలేం, ఎక్కడ చూసినా నీళ్లు ఉప్పగానే ఉంటాయి అని పోలిక చెప్పి, ఆయన ఆ ఊపులోనే "పోయాక ఇక ఎరుక ఉండదు" అనేస్తాడు. మైత్రేయి వెంటనే ఆపేస్తుంది: "ఇదిగో, ఇక్కడే నన్ను అయోమయంలో పడేశారు." మృత్యువు లేని స్థితి చెప్పమంటే ఎరుకే ఉండదంటారేమిటని ఆమె బాధ. ఆయన విసుక్కోలేదు. అయోమయపెట్టే మాట నేనేమీ అనడం లేదని చెప్పి, రెండోది ఉన్నప్పుడే కదా ఒకరు ఇంకొకరిని చూసేది, అంతా తానే అయినప్పుడు దేనితో ఎవరిని చూస్తారు అని విడమరిచాడు. ఆమె తల ఊపుతూ కూర్చుని ఉంటే ఈ వివరణ మనదాకా వచ్చేదే కాదు. అలా అడ్డుపడటం మననం.

ఇప్పుడు మీ కోపం సంగతి. గీత రెండుసార్లు విన్నారు కాబట్టి రెండో అధ్యాయంలోని "ధ్యాయతో విషయాన్ పుంసః" శ్లోకం మీకు తెలిసే ఉంటుంది. ఒక విషయాన్నే తలుచుకుంటూ ఉంటే దాని మీద సంగం, అంటే మనసు దానికి అంటుకోవడం, సంగం వల్ల కోరిక, కోరిక వల్ల కోపం. ఆ ఒక్క శ్లోకం తీసుకుని దానితో పోట్లాడండి. కోరిక నుంచే కోపం వస్తుందంటున్నారు కదా, ఇడ్లీ పిండి దగ్గర నా కోరిక ఏమిటి? ఇడ్లీ మెత్తగా రావాలనా, నా వంటింట్లో నా మాట చెల్లాలనా? ఇడ్లీ మెత్తగానే వచ్చి ఉంటే కోపం పోయేదా? (పోయేది కాదని నా అనుమానం.) మిక్సీ చప్పుడు ఆగాక కూడా దాన్ని రాత్రి దాకా తిప్పింది ఎవరు? ఇంకో వైపు నుంచీ అడగండి. రోడ్డు పక్కన నడుస్తుంటే ఎవడో బండి మీద పోతూ చీర మీద బురద కొట్టాడు, చర్రున కోపం వచ్చింది. అక్కడ ముందు నుంచి తలుచుకున్నది ఏముంది? శ్లోకం అక్కడ తప్పుతోందా, లేక అక్కడ కూడా నేను చూడని కోరిక ఏదైనా ఉందా? జవాబు నేను చెప్పను, చెబితే అది మీకు ఇంకో ప్రవచనం అవుతుంది. రెండు మూడు రోజులు తేలకపోయినా టెన్షన్ పడకండి. ఛాందోగ్య ఉపనిషత్తులో ఉద్దాలకుడు కొడుకు శ్వేతకేతువుకి "తత్త్వమసి" (అది నువ్వే) అన్న ఒక్క మాటను తొమ్మిదిసార్లు చెప్పాల్సి వచ్చింది. ఆ అబ్బాయి అప్పటికే పన్నెండేళ్లు గురుకులంలో చదివి వచ్చినవాడు.

సందేహం తీరాక, ఆ తేలినదాంట్లోనే మనసు నిలపడం నిదిధ్యాసన. మీరంటున్న ధ్యానం దీనికి దగ్గర. దీనికి మన తెలుగువాడి ఉదాహరణే ఉంది. బొబ్బిలి దగ్గర కలువరాయిలో పుట్టిన కావ్యకంఠ గణపతి ముని 1907 నవంబరు 18న అరుణాచలం మీది విరూపాక్ష గుహకు వెళ్లి, చదవాల్సిందంతా చదివాను, జపం చేశాను, అయినా తపస్సంటే ఏమిటో తెలియలేదని అక్కడున్న రమణ మహర్షి కాళ్ల మీద పడ్డాడు. 'నేను' అన్నది ఎక్కడి నుంచి పుడుతోందో గమనిస్తే మనసు అక్కడే లీనమవుతుంది, అదే తపస్సు అని రమణులు చెప్పారు. ఆయనకు ఆ మాట చాలింది. అప్పటికే అంత చదివి, అంత విచారించి వచ్చాడు కాబట్టి చాలిందని నేననుకుంటాను.

ఇక మోకాళ్లు. మననానికి ఆసనం నియమం ఏదీ లేదు, చిక్కుడుకాయలు వలుస్తూ కూడా చేసుకోవచ్చు. కాకపోతే ఫోను ఆపేయాలి, ఒక మాట ఇంకా తేలకుండానే పది మాటలు వచ్చి పడితే ఏదీ నిలవదు. ధ్యానం మాత్రం కూర్చునే చేయాలంటాయి ఉపనిషత్తుల సారాన్ని సూత్రాలుగా చెప్పిన బ్రహ్మసూత్రాలు. పడుకుంటే ఉన్నట్టుండి నిద్ర ముంచుకొస్తుందని అక్కడ శంకరాచార్యుల భాష్యం. మధ్యాహ్నం భోజనం చేసి మంచం ఎక్కినవాళ్లెవరికైనా ఆ భాష్యం అక్కర్లేకుండానే అర్థమవుతుంది. ఫలానా చోటే కూర్చోవాలని కూడా లేదు, మనసు ఎక్కడ కుదిరితే అక్కడేనని అదే గ్రంథం చెబుతోంది. కుర్చీ వేసుకోండి, వెనక్కి ఆనుకోవడానికి వీలుగా ఉన్నదైతే నడుముకీ మంచిది.