నిర్బంధంలో ‘నిర్’ ఎందుకు?

సందేహం: నిర్దోషి అంటే దోషం లేనివాడు, నిర్భయం అంటే భయం లేకపోవడం. అలాంటప్పుడు నిర్బంధం అంటే బంధం లేకపోవడం కావాలి కదా? బంద్, బందోబస్తు కూడా ‘బంధం’ నుంచే వచ్చాయా?
– ఒక పాఠకురాలు, దిల్‌సుఖ్‌నగర్, హైదరాబాద్

సమాధానం: ‘నిర్’ అన్నిచోట్లా లేమినే చెప్పదు. దోషం, భయం లాంటి నామవాచకాల ముందు చేరి సమాసమైతే ‘లేని’ అని అర్థం. ధాతువుకు, అంటే క్రియకు మూలమైన రూపానికి, ఉపసర్గగా ముందు చేరినప్పుడు దాని పని వేరు. నిర్ణయం, నిర్దేశం, నిర్మాణం చూడండి, వీటిలో లేమి ఎక్కడా లేదు. నిర్బంధం ఈ రెండో జాతిది. సంస్కృతంలో దీనికి పట్టుదల, విడవకుండా పట్టుబట్టడం అని అర్థం. అక్కణ్నుంచి బలవంతం అయింది. ‘ఆయన నిర్బంధం మీద ఒప్పుకున్నాను’ అన్నా, ‘ఉచిత నిర్బంధ విద్య’ అన్నా ఉన్నది ఈ బలవంతమే. 2009 నాటి విద్యాహక్కు చట్టం 6–14 ఏళ్ల పిల్లలను బడిలో బంధించమనలేదు! గృహనిర్బంధం అన్నప్పటి ‘కదలనీయకపోవడం’ ఆ బలవంతానికే మరో రూపం.

ఇక బంద్. ఇది ‘బంధం’ నుంచి పుట్టలేదు, ఫారసీ నుంచి ఉర్దూ ద్వారా మనకొచ్చింది. అయితే సంస్కృతం, ఫారసీ ఒకే కుటుంబపు భాషలు కనుక రెండు మాటల మూలం ఒకటే. అంటే దాయాదులు. ‘ఫ్యాన్ బంద్ చెయ్’ అనే హైదరాబాదీకి ఇది పరాయి మాటే కాదు. బందోబస్తులో ‘బంద్’, ‘బస్త్’ రెండూ కట్టడం అనే అర్థమున్న ఒకే ఫారసీ క్రియ రూపాలు. ట్యాంక్‌బండ్‌లోని ‘బండ్’ కూడా ఈ బందే, ఇంగ్లిషులోకి వెళ్లి తిరిగొచ్చింది. నీటికి వేసిన కట్టు కనుక తెలుగులో అది చెరువుకట్ట.

ఆ ‘కట్టు’ మాత్రం అచ్చంగా మనది, తమిళ కన్నడాల్లోనూ ఉన్న ద్రావిడ ధాతువు. దాని పిల్లల మధ్య తేడా పాటించాలని నా విన్నపం. కట్టుబాటు నలుగురూ కలిసి తమకు తాము పెట్టుకునేది. కట్టడి బయటినుంచి చేసేది. 2020లో పత్రికలు ‘కరోనా కట్టడి’ అన్నది అందుకే సరిపోయింది, అక్కడ కట్టుబాటు అంటే అతకదు.

రాతలో ఒక జాగ్రత్త: బంధం, నిర్బంధం, నిబంధన, ప్రతిబంధకం – వీటికి ఒత్తు ‘ధ’. బంద్, బందోబస్తు, బందిఖానాలకు ‘ద’. గోడల మీద ‘బంధ్’ అని రాస్తున్నారు, అది తప్పు.