తెల్ల గుడికి నలభై నిమిషాలు చాలవు

ప్రశ్న: మా నాన్నగారు జిల్లా పరిషత్ హైస్కూల్లో ముప్ఫై ఏళ్లు డ్రాయింగ్ మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఇప్పుడు 69 ఏళ్లు. థాయ్‌లాండ్‌లోని చియాంగ్ రాయ్ తెల్ల గుడి ఫొటో ఏదో పేపర్లో చూసి, కత్తిరించి తన డైరీలో అంటించుకున్నారు. జనవరిలో ఆయన్నీ అమ్మనీ తీసుకెళ్లాలని ఉంది. ట్రావెల్స్ వాళ్లేమో చియాంగ్ మాయ్‌లో దిగి, పొద్దున వెళ్లి రాత్రికి తిరిగి రావచ్చు, తెల్ల గుడి, నీలం గుడి, నల్ల ఇల్లు మూడూ అయిపోతాయి అంటున్నారు. ఒక్క రోజు సరిపోతుందా మేడమ్? నాన్నగారికి మోకాళ్ల నొప్పులు. అమ్మ గుడ్డు కూడా ముట్టదు. తిండి సంగతి తలచుకుంటేనే టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: మాస్టారు ఆ ఫొటో కత్తిరించి దాచుకున్నారని చదివాక మీ ఉత్తరాన్ని పక్కన పెట్టబుద్ధి కాలేదు. ఆ ఒక్క రోజు ప్యాకేజీ మాత్రం వద్దండీ. చియాంగ్ రాయ్‌లోనే కనీసం రెండు రాత్రులు ఉండండి, మూడైతే ఇంకా మంచిది.

ఎందుకంటే 2018లో మా అక్కతో నేను అలాగే వెళ్లొచ్చాను. పొద్దున ఏడింటికి వ్యాన్ ఎక్కాం. దారిలో వేడినీటి బుగ్గల దగ్గర కాసేపు ఆపారు. తెల్ల గుడి దగ్గర దిగేసరికి పదిన్నర దాటింది. నలభై నిమిషాల్లో వచ్చేయమన్నారు. చియాంగ్ మాయ్ నుంచి బయల్దేరిన వ్యాన్లన్నీ ఇంచుమించు అదే వేళకి అక్కడికి చేరతాయి. గుళ్లోకి వెళ్లే వంతెన మీద ముందు నడిచేవాళ్ల వీపులు తప్ప మాకేమీ కనిపించలేదు. తిరుగు దారిలో అక్క కిటికీలోంచి చూస్తూ కూర్చుంది, ఒక్క మాట మాట్లాడలేదు. ఆ వెలితి నాకూ పోలేదు. 2023 డిసెంబర్లో ఇద్దరం మళ్లీ వెళ్లి మూడు రాత్రులు ఉన్నాం. మీకు చెప్పేదంతా ఆ రెండో ప్రయాణంలో తెలుసుకున్నదే.

ఊళ్లోనే బస చేస్తే తెల్ల గుడి పదమూడు కిలోమీటర్ల దూరం. గుడి తెరిచే వేళకి, అంటే పొద్దున ఎనిమిదింటికల్లా వెళ్లిపోండి. వ్యాన్లు వచ్చేలోగా రెండు గంటలు మీవే. ఎండ ఏటవాలుగా పడుతుంటే ఆ తెలుపులో పొదిగిన అద్దం ముక్కలు మిలమిలా మెరుస్తుంటాయి. పది దాటితే తెల్లని నేలా గోడలూ కళ్లకి జిగేలుమంటాయి, నాన్నగారికి చలవ కళ్లద్దాలు తప్పనిసరి.

అది పాత కాలపు గుడి కాదని ఆయనకి ముందే చెప్పండి. చలెర్మ్‌చాయ్ కోసిత్‌పిపట్ అనే చిత్రకారుడు 1955లో ఆ చియాంగ్ రాయ్‌లోనే పుట్టాడు. సొంత ఊరి గుడి పాడుబడిపోతే 1997లో తన సొమ్ముతో మళ్లీ కట్టడం మొదలుపెట్టాడు. ఇప్పటికీ కడుతూనే ఉన్నారు. పెద్ద దాతలు పెత్తనం చేస్తారని, ఎవరి దగ్గరా పదివేల బాత్‌లకి మించి చందా తీసుకోలేదు. 2014 మే 5న భూకంపం వచ్చి గుడి బాగా దెబ్బతింది. ఇక వదిలేస్తానన్నాడు. ఇంజినీర్లు వచ్చి చూసి కట్టడానికి ప్రమాదం లేదన్నాక, మర్నాడే మాట మార్చుకుని బాగు చేస్తానన్నాడు. బొమ్మలు వేసే మనిషికి ఈ కథ తెలిశాక గుడిని చూసే చూపే వేరుగా ఉంటుంది.

వంతెన దగ్గర తొందరపడకండి. కింద గుంటలోంచి వందల చేతులు పైకి చాచి ఉంటాయి. అవి తీరని కోరికలు. వాటిలో ఒక్క వేలి గోటికి మాత్రం ఎర్ర రంగు ఉంటుంది, అక్క వెతికి పట్టుకుంది. ఆ వంతెన సంసారాన్ని దాటే దారి, అందుకే ఎక్కాక వెనక్కి తిరగనివ్వరు. మీరు ఫొటో కోసం వెనక్కి పిలిచినా నాన్నగారు రాలేరు, ఆ ఫొటోలేవో ఎక్కే ముందే తీసుకోండి. దాటగానే స్వర్గ ద్వారం, దానికి కాపలాగా మృత్యువూ రాహువూ. గ్రహణం నాడు మనం తలచుకునే ఆ రాహువే అక్కడ చచ్చినవాళ్ల గతి తేలుస్తున్నాడని తెలిసి నేను చాలాసేపు అక్కడే నిలబడ్డాను.

లోపల ఫొటోలు తీయకూడదు. బుద్ధుడికి ఎదురుగా, మీరు వచ్చిన గుమ్మం వైపు గోడని తప్పకుండా చూడమనండి. రాక్షసుడి ముఖం, దాని చుట్టూ కూలుతున్న జంట భవనాలు, సినిమా సూపర్‌హీరోలు. గుళ్లో ఇవేంటని చాలామంది విసుక్కుంటారు. నాకు మాత్రం అది మన కాలాన్ని ఉన్నదున్నట్టు గీసిన బొమ్మ అనిపించింది. మన పాత గుళ్ల గోడల మీద కూడా ఆ కాలపు వేటలూ పడవలూ సంతలూ చెక్కారు కదా. బయటికొచ్చాక బంగారు రంగు భవనం ఒకటి మెరుస్తూ కనిపిస్తుంది. అది మరుగుదొడ్డి. బంగారం లౌకిక వ్యామోహం, తెలుపు బుద్ధుడి నిర్మలత్వం అన్నది ఆ చిత్రకారుడి లెక్క. ఆవరణలోనే ఒక షెడ్డు కింద పనివాళ్లు ఆ తీగల అలంకారాలు తయారుచేస్తుంటే చూశాం. మాస్టారికి అన్నిటికన్నా నచ్చేది అదేనేమో. ఒక స్కెచ్ పుస్తకం, రెండు పెన్సిళ్లు మీ బ్యాగులో వేసుకోండి. బయట కూర్చుని గీసుకుంటే ఎవరూ ఏమీ అనరు.

మోకాళ్ల గురించి: వంతెన కాస్త ఎత్తెక్కి దిగుతుంది, అంతే. ప్రతిచోటా చెప్పులు విప్పాలి కాబట్టి వంగి తాడు కట్టే బూట్లు వద్దు. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు ఉండాలి. మీ అమ్మగారికి చీర హాయి. నేల మీద కూర్చుంటే కాళ్లు బుద్ధుడి వైపు చాచకూడదు. మోకాళ్లు ముడవలేనివాళ్లు పక్కన నిలబడి చూడొచ్చు.

రెండో రోజు పొద్దున నీలం గుడి, వాట్ రోంగ్ సూయా టెన్. ఊరికి దగ్గరే, కోక్ నది దాటితే వస్తుంది. టికెట్ లేదు. 2005లో మొదలుపెట్టి 2016లో పూర్తిచేశారు. లోపల గోడలూ పైకప్పూ అంతా ముదురు నీలం, మధ్యలో తెల్లటి బుద్ధుడు. దీన్ని కట్టిన పుత్తా కాబ్‌కేవ్, తెల్ల గుడి చిత్రకారుడి శిష్యుడు. గురువు గుడి ఒక రోజు, శిష్యుడి గుడి మర్నాడు చూస్తే ఆ తీగల మెలికలు గురువువని, ఆ రంగు ధైర్యం శిష్యుడిదని మాస్టారు మీకే విడమరిచి చెబుతారు. రెండూ ఒకే పూట చూస్తే కళ్లు అలిసిపోయి ఏదీ నిలవదు. అసలు ఆ ప్యాకేజీ వద్దనడానికి పెద్ద కారణం నాకు ఇదే.

సాయంత్రం ఊరి మధ్య గడియార స్తంభం దగ్గరికి వెళ్లండి. అదీ చలెర్మ్‌చాయ్ పనే. ఏడు, ఎనిమిది, తొమ్మిది గంటలకి పాటతో పాటు రంగులు మారతాయి. ఇంకో గంట ఉంటే ఊళ్లోనే ఉన్న వాట్ ఫ్రా కేవ్ అనే గుడి కూడా చూడండి. బ్యాంకాక్‌లో ఇప్పుడు పూజలందుకుంటున్న మరకత బుద్ధుడు 1434లో పిడుగుపడి స్తూపం బద్దలైనప్పుడు బయటపడింది ఇక్కడే.

తిండి: ‘జే’ అన్న మాట అమ్మగారికి నేర్పండి. పసుపు జెండా మీద ఎర్రటి అక్షరాలు, మన కంటికి 17 అంకెలా కనిపిస్తుంది. అది ఉన్న కొట్లో మాంసం, చేప, గుడ్డు, పాలు, చివరికి ఉల్లి వెల్లుల్లి కూడా వాడరు. మిగతా చోట్ల కూరగాయల వేపుడు అడిగినా చేపల సాస్ వేస్తారు, దాని పేరు నామ్ ప్లా. బొప్పాయి సలాడ్‌లో ఎండు రొయ్యలు పడతాయి. గుడ్డు, చేపల సాస్, రొయ్యలు వద్దని హోటల్ వాళ్లతో థాయ్‌లో ఒక చీటీ రాయించుకోండి. మేము కందిపొడీ చింతకాయ పచ్చడీ తీసుకెళ్లాం, వేడన్నం ఎక్కడైనా దొరుకుతుంది. ఫూలే అనే చిన్న అనాసపళ్లు అక్కడి ప్రత్యేకం. మధ్యలో ఉండే బొడ్డు కూడా కరకరలాడుతూ తినేయొచ్చు.

హైదరాబాద్ నుంచి బ్యాంకాక్‌కి నేరుగా విమానాలున్నాయి. అక్కణ్నుంచి చియాంగ్ రాయ్‌కి గంటా ఇరవై నిమిషాలు. కానీ బ్యాంకాక్‌లో సువర్ణభూమి, డాన్ మ్యూయాంగ్ అని రెండు విమానాశ్రయాలు. మాకు టికెట్లు తీసినవాళ్లు అది చూసుకోలేదు. ఒకదాంట్లో దిగి రెండోదానికి ట్రాఫిక్‌లో పరుగెత్తాల్సొచ్చింది. పెద్దవాళ్లతో అది వద్దు, దిగేదీ ఎక్కేదీ ఒకటే ఉండేలా చూసుకోండి. వీసా నియమాలు మారుతుంటాయి కాబట్టి టికెట్ తీసే ముందు థాయ్ రాయబార కార్యాలయం వెబ్‌సైట్ చూడండి. చేరడానికి ముందు మూడు రోజుల్లోపు ఆన్‌లైన్‌లో అరైవల్ కార్డు నింపాలి. అది ఉచితం, డబ్బడిగే సైట్ల జోలికి పోవద్దు. జనవరిలో తెల్లవారుజామున చలి ఉంటుంది, స్వెట్టర్లు పెట్టండి.

ప్రశ్న: మా పిల్లలకి సెలవులు ఏప్రిల్ చివర్లోనే. అప్పుడు చియాంగ్ రాయ్‌లో రద్దీ తక్కువట, వెళ్లొచ్చా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: రద్దీ తక్కువే, దానికి కారణం పొగ. ఫిబ్రవరి చివరి నుంచి ఏప్రిల్ దాకా అక్కడా, పక్కనున్న మయన్మార్, లావోస్‌లోనూ పొలాల్లో కొయ్యకాళ్లు తగలబెడతారు, అడవులూ అంటుకుంటాయి. కొండల మధ్య ఊరు కావడంతో ఆ పొగ కదలదు. ఏప్రిల్ చివర్లో ఒక వాన పడితే తేలికవుతుంది, పడకపోతే లేదు. ఆ నమ్మకం మీద పిల్లల్ని తీసుకెళ్లమని నేను చెప్పలేను. సంక్రాంతి సెలవులకి మార్చుకోండి.

ప్రశ్న: నల్ల ఇల్లు కూడా గుడేనా? ఎనిమిదేళ్ల పాపని తీసుకెళ్లొచ్చా?
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: గుడి కాదమ్మా. తవన్ దుచనీ అనే పెద్ద చిత్రకారుడి ఇల్లూ మ్యూజియమూ. ఆయన 2014లో పోయారు. తోటలో నలభై దాకా నల్లటి చెక్క కట్టడాలు. లోపల కొమ్ములు, ఎముకలు, మొసలి చర్మాలు. చలెర్మ్‌చాయ్ స్వర్గం కట్టాడు, తవన్ నరకం కట్టాడు అని అక్కడివాళ్లు అంటారు. నాకైతే అక్కడ భయం వేయలేదు. చావు గురించి గొంతు పెంచకుండా మాట్లాడుతున్న చోటులా అనిపించింది. పాపకి ముందుగా ఫొటోలు చూపించి, చూస్తానంటే తీసుకెళ్లండి. వద్దంటే బయట తోటలో చెట్ల కింద ఒకరు తనతో కూర్చుంటే మరొకరు చూసి రావచ్చు, మా అక్కా నేనూ కూడా అక్కడ వంతులవారీగానే చూశాం.