రెండు గడులకూ పొత్తు కుదిరిందా?

సందేహం: అరకులో మా మావయ్యగారి కాటేజీలకు బుకింగ్ పేజీ తయారుచేశాను. అతిథి గది ఖాళీ చేసి వెళ్లే తేదీ, గదిలోకి వచ్చే తేదీ కంటే ముందు పడితే ఎర్రక్షరాల్లో హెచ్చరిక వస్తుంది. వచ్చే తేదీని సరిచేసినా అది పోవడం లేదు. డిసెంబరు 28 నుంచి జనవరి 2 వరకు గది అడిగినా తప్పంటోంది. బుకింగ్ నంబరు, మొబైల్, ఓటీపీ ఇస్తే రద్దు చేసే పేజీ మాత్రం బాగానే నడుస్తోంది. – సీతమ్మధార నుంచి ఒక పాఠకుడు

ఇదే గొడవ రకరకాల వేషాల్లో నాకు వస్తూనే ఉంది. ఒకరికి పాస్‌వర్డ్ రెండుసార్లు కొట్టించే చోట, ఇంకొకరికి బ్యాంకు ఖాతా నంబరు దగ్గర. తేదీలు రెండూ పొసిగాయా అని చూసే పరీక్షను మీరు వెళ్లే తేదీ గడికే కట్టేశారు. ఆ గడిని ముట్టుకుంటే తప్ప అది మళ్లీ నడవదు. ఏ గడి మారినా ఒకటే ఫంక్షన్ నడిచేలా మార్చండి. గడిలో తప్పుందని బ్రౌజర్‌కు చెప్పే సెట్‌కస్టమ్‌వాలిడిటీ (setCustomValidity) వాడుతుంటే, అంతా సరిపోయినప్పుడు దానికి ఖాళీ స్ట్రింగ్, అంటే ఒక్క అక్షరమూ లేని సందేశం, ఇవ్వడం మరిచిపోకండి. ఇవ్వకపోతే బ్రౌజర్ పాత తప్పునే పట్టుకు కూర్చుని ఫారం కదలనివ్వదు. ఇంకా నింపని గడి మీద మాత్రం ముందే ఎర్రరంగు పూయకండి, జనం విసుక్కుంటారు.

డిసెంబరు సంగతి చూస్తే, తేదీలను రోజు-నెల-సంవత్సరం వరుసలో ఉత్త అక్షరాల్లా పోలుస్తున్నట్టున్నారు. అక్కడ 28 కంటే 02 చిన్నది, అంతే. బ్రౌజర్ సొంతంగా ఇచ్చే తేదీ గడి (తేదీ రకం ఇన్‌పుట్) పైకి ఎలా చూపించినా లోపల ఇచ్చేది 2025-12-28 వరుసే. ఆ వరుసలో అక్షరాలుగా పోల్చినా లెక్క తప్పదు. అరకులో గదులు దొరకని వారంలోనే మీ పేజీ అతిథుల్ని వెనక్కి పంపుతోందని మావయ్యగారికి ఇంకా తెలియనట్టుంది.

ఇంతకీ నాకు టెన్షన్ పుట్టించింది ‘బాగానే నడుస్తోంది’ అని మీరు రాసిన రద్దు పేజీ. బుకింగ్ నంబరు ఉందా అని చూస్తారు, ఉంది. ఓటీపీ సరిపోయిందా అని చూస్తారు, సరిపోయింది. ఆ మొబైల్ ఆ బుకింగ్‌దేనా అని సర్వర్ ఎక్కడైనా అడిగిందా? అడగకపోతే నేను నా సొంత ఫోన్ నంబరిచ్చి, నాకొచ్చిన ఓటీపీనే కొట్టి, ఊరూపేరూ తెలియని వాళ్ల గదిని రద్దు చేసేస్తాను. నంబర్లు 1041, 1042 అని వరుసగా ఉంటే ఒక్క సాయంత్రంలో సీజనంతా ఖాళీ. వరుడున్నాడు, వధువుంది, ఇద్దరికీ ఒకరితో ఒకరికేనా పెళ్లి అని మాత్రం అడగని పురోహితుడి పని ఇది.

ఓటీపీని ఫారంలో కొట్టిన నంబరుకు పంపకండి, ఆ బుకింగ్‌తో దాచిన నంబరుకే పంపండి. సరిపోకపోతే ‘వివరాలు కుదరలేదు’ అని ఊరుకోండి, ఏది తప్పో చెప్పకండి. రోజులు, అద్దె గుణించి మొత్తం వేసేది కూడా సర్వరే కావాలి. బ్రౌజర్‌లో రాసిన పరీక్షలు మంచివాళ్ల సౌకర్యానికే. దొంగ మీ పేజీ తెరవకుండానే నేరుగా సర్వర్‌కు రిక్వెస్ట్ పంపగలడు.

సందేహం: పెళ్లయ్యాక ఇంటిపేరు మారింది, పాన్ కార్డులోనూ మార్పించాను. ఒక వెబ్‌సైట్ మాత్రం పాన్‌కూ ఇంటిపేరుకూ పొంతన లేదంటోంది. – గాజువాక నుంచి ఒక పాఠకురాలు

తప్పు మీది కాదమ్మా. వ్యక్తుల పాన్‌లో ఐదో అక్షరం ఇంటిపేరు మొదటి అక్షరం. పేరు మారితే కార్డు మారుతుంది, నంబరు మారదు. ఎవరో ప్రోగ్రామర్ మొదటి వాక్యం చదివి రెండోది వదిలేశాడు. గట్టిగా అడగాల్సిన చోట నోరెత్తరు, చూసీచూడనట్టు పోవాల్సిన చోట గొంతు మీద కూర్చుంటారు! అసలు ఇంటిపేరు ముందు రాసుకునే మనల్ని ‘లాస్ట్ నేమ్’ అడగడమే ఒక గందరగోళం. సగం మంది అక్కడ సొంత పేరే కొడతారు.

పిన్‌కోడ్‌దీ ఇదే కథ. 2022 ఏప్రిల్‌లో పాత విశాఖ జిల్లా నుంచి అనకాపల్లి విడిపోయింది, అరకు అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లింది. ఆ తర్వాత కూడా ఒక ఫారం నేను 531001 కొట్టగానే జిల్లా గడిలో విశాఖపట్నం నింపేసి తాళం వేసింది. అనకాపల్లి అని మార్చుకుందామంటే గడి కదలదు. 1972లో పిన్ పుట్టింది ఉత్తరాలు వేరుచేయడానికి, జిల్లాల హద్దులు గీయడానికి కాదు. ఇలాంటి పొంతనలు తప్పినప్పుడు ‘ఒకసారి సరిచూసుకోండి’ అని అడిగి ముందుకు పోనివ్వాలి.

మీరు ఆ వెబ్‌సైట్ హెల్ప్‌డెస్క్‌కు రాయండి. పేరు మారినా పాన్ మారదని, ఐదో అక్షరం పాత ఇంటిపేరుదని చెబితే చాలు. పాన్ కార్డు ఫొటో మాత్రం మెయిల్‌కు జతచేయకండి, వాళ్లు అడిగినా సరే.