సిబిల్ బాగు చేస్తామనే వాళ్లకు పైసా ఇవ్వకు

చిరంజీవి అల్లుడికి,

ట్రాలీ ఆటోకు లోన్ రాలేదని మీ అమ్మ ఫోన్‌లో చెప్పి బాధపడింది. సిబిల్, అంటే మనం అప్పులు ఎట్ల కట్టామో చూపే స్కోరు, బాగు చేయిస్తానని దేవరకొండలో ఎవరో ఎనిమిది వేలు అడుగుతున్నాడట. ఒక్క పైసా ఇవ్వకు. తప్పు పడితే నువ్వే దిద్దించుకోవచ్చు, ఖర్చు లేదు. నిజంగా బాకీ ఉంటే ఎవరూ చెరపలేరు.

ముందు నీ అప్పుల రిపోర్ట్ తెప్పించు. మన అప్పుల లెక్కలు రాసేవి నాలుగు కంపెనీలు: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్. ప్రతి కంపెనీ ఏడాదికోసారి పూర్తి రిపోర్ట్ ఉచితంగా ఇవ్వాలి. స్కోరు చూసి టెన్షన్ పడకు, కింద ఒక్కో లోన్ వివరం చదువు. నువ్వు ష్యూరిటీ పెట్టినవి కూడా అందులోనే ఉంటాయి. ఎక్కడైనా 'సెటిల్డ్' అని ఉందేమో చూడు. అంటే పూర్తిగా కట్టలేదు, ఎంతో కొంత తగ్గించుకుని తెంపుకున్నాడని అర్థం.

నా ట్రాక్టర్ లోన్‌కు అట్లనే రాశారు. ఆఖరి కిస్తీ దాకా కట్టినవాణ్ణి, ప్రాణం ఉసూరుమన్నది. రసీదు కోసం బీరువా తీస్తే, ఆ మెషిన్ కాగితం మీద అక్షరం లేదు, తెల్లగా వెలిసిపోయింది. పాస్‌బుక్‌లో ఎంట్రీ ఉండబట్టి బతికిపోయాను. రసీదు చేతికొచ్చిన రోజే జిరాక్స్ తీయించు. లోన్ తీరగానే ఇక బాకీ లేదని రాసిచ్చే నో డ్యూ సర్టిఫికెట్ అడిగి తీసుకో.

తప్పు కనిపిస్తే రిపోర్ట్ ఇచ్చిన కంపెనీ వెబ్‌సైట్‌లో ఫిర్యాదు పెట్టు, లోన్ ఇచ్చినవాళ్లకూ కాగితం మీద రాసి ఇవ్వు. నేను మొదట రెండుసార్లు కౌంటర్ దగ్గర నోటిమాటగా చెప్పి వచ్చాను, నెలలు గడిచినా కదల్లేదు. ఫిర్యాదు నంబర్, తేదీ రాసిపెట్టుకో, గడువు అక్కడి నుంచే మొదలవుతుంది. 30 రోజుల్లో తేల్చాలి. దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున నీకు పరిహారం ఇవ్వాలి. ఇది 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న రిజర్వ్ బ్యాంక్ నిబంధన. దిద్దడం కుదరదంటే కారణం చెప్పాలి. అప్పటికీ న్యాయం జరగకపోతే ఇట్లాంటి ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కు రాయొచ్చు, దానికీ ఫీజు లేదు. వివరాలకు 14448కు ఫోన్ చెయ్యి.

ఆదివారం పొద్దున బస్సుకు నల్గొండ రా. పాస్‌బుక్, ఆధార్, పాన్ కార్డు, పాత రసీదులన్నీ తెచ్చుకో. కూర్చుని రాద్దాం.

మీ మామ